పేరు చెప్పకూడని పొడి

రాజమండ్రి కోర్టులో సర్వ్ చేసి కాలు ఆనించగానే కుడి మోకాలు కలుక్కుమంది. స్కాన్ చూసిన ఆర్థో డాక్టరు గారు, "మూడు నెలలు రాకెట్ ముట్టుకోకండి" అన్నారు. నెలలో టోర్నమెంట్ ఉంది. చిన్నప్పటి నుంచి నాకు టెన్నిస్ తప్ప వేరే బతుకు తెలియదు. ఆగమంటే ఆగుతానా?

పెద్దాపురం నుంచి మా మేనత్త మోకాలి నొప్పికని ఒక పొడి డబ్బా పట్టుకొచ్చింది. "పరగడుపున తేనెలో కలుపుకుని నాకెయ్యి. ఏంటని అడక్కూడదు, ఎవరికీ చెప్పకూడదు. చెప్తే మందు పనిచెయ్యదే."

వారంలో నొప్పి మటుమాయం. పొడి మానకుండానే టోర్నమెంటులో మ్యాచ్‌లు గెలిచాను. డోప్ టెస్టుకి శాంపిల్ తీసుకునేటప్పుడు, "మందులేమైనా వాడుతున్నారా?" అని ఆఫీసరు గారు అడిగారు. "లేదండి" అన్నాను. అబద్ధమాడుతున్నానని అనిపించలేదు. చెప్తే పనిచేయదని నమ్మాను, అంతే.

తర్వాత మెయిల్ వచ్చింది. శాంపిల్‌లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉందట. సస్పెన్షన్. నేనా? స్టెరాయిడా? ఒళ్లు మండిపోయింది. విటమిన్ బిళ్లలు, ప్రోటీన్ పౌడర్, అత్త పొడి, అన్నీ ఒక్కసారే చెత్తబుట్టలో పారేశాను.

అసలు జబ్బు అప్పుడు మొదలైంది. కొద్దిరోజులకే వాంతులు. అన్నం సయించలేదు. ఒకరోజు బాత్రూమ్‌లో నిలబడలేక పడిపోయాను. ఎమర్జెన్సీలో బీపీ అందడం లేదని నర్సులు పరుగులు పెట్టారు. "స్టెరాయిడ్స్ వాడావామ్మా? నిజం చెప్పు" అన్నారు డ్యూటీ డాక్టరు గారు.

"లేదండీ! ఎంతమంది అడుగుతారు?" ఆ స్థితిలోనూ అరిచాను.

కార్టిసాల్ పరీక్షకి రక్తం తీయించి, డాక్టరు గారు నర్సుతో "హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి" అన్నారు. చెయ్యి లాక్కున్నాను. "అదీ స్టెరాయిడే కదండీ! వద్దు. ఇక నన్ను జన్మలో ఆడనివ్వరు."

"ఆడాలంటే ముందు బతకాలి కదమ్మా!"

నేను చెయ్యి ఇవ్వలేదు. మానిటర్ ఆగకుండా మోగుతోంది. మంచం పక్కన అత్త నిలబడి ఉంది. ఉన్నట్టుండి చేతిసంచిలోంచి ఇంకో డబ్బా తీసింది.

"ఇదేనండీ. పిల్లకి నేనే ఇచ్చాను. నా మోకాళ్లకీ ఇదే వాడతానండి." నా వైపు తిరిగి ఏడ్చేసింది. "చెప్పేశానే తల్లీ. మందు పనిచెయ్యకపోతే పోయింది. చెయ్యియ్యి."

చెయ్యి ఇచ్చాను.

ల్యాబులో ఆ పొడిలో ప్రెడ్నిసొలోన్ తేలింది. "స్టెరాయిడ్ బయటి నుంచి వస్తుంటే, ఒంటికి కావలసిన కార్టిసాల్‌ని అడ్రినల్ గ్రంథులు తయారుచేయడం తగ్గిస్తాయి. నువ్వు హఠాత్తుగా ఆపేశావు. ఇది అడ్రినల్ క్రైసిస్" అన్నారు డాక్టరు గారు. అత్త చేత కూడా మెల్లగా మాన్పించారు. డోపింగ్ విచారణలో నేను కావాలని చేయలేదని ఒప్పుకున్నారు గానీ, ఏమిటో తెలుసుకోకుండా మింగినందుకు ఏడాది బ్యాన్ వేశారు. వెక్కివెక్కి ఏడ్చాను. హైడ్రోకార్టిసోన్ మాత్రల డోసు తగ్గించుకుంటూ వస్తుంటే మధ్యలో జ్వరం తగిలి, ఒంటికి ఆ డోసు చాలక మళ్లీ అడ్మిట్ అయ్యాను.

ఇప్పుడు మాత్రలు ఆగాయి, బ్యాన్ ముగిసింది. మొదటి రౌండులోనే ఓడిపోతున్నా, ఆడుతున్నాను. మీకు చెప్పేది ఒకటే. పేరు చెప్పని మందు నోట్లో పెట్టకండి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, డబ్బాతో సహా డాక్టరుకి చూపించండి.

నిన్న నేను దగ్గుతుంటే అత్త కషాయం కాచి తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండానే మొదలుపెట్టింది. "అల్లం, మిరియాలు, బెల్లం. ఇంకేం లేవే. ఊరంతా చెప్పుకుని మరీ తాగు."