గవాచిలో ఉపన్యాసం

“ఏట్లో నీళ్లు పెరిగిన క్షణమే మీ వీధిలో తప్పెట మోగుతుంది. మద్రాసు పోయి కర్నూలు రాజధాని అయింది, ఇంక ప్రభుత్వం మీ పక్కనే ఉంది. తప్పెట వినబడేదాకా మీరంతా నిశ్చింతగా ఉండండి!”

పోయినేడు వరద తీసినాక, జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉన్న మా వీధికి జీపులో వచ్చిన ఆఫీసరు ఇచ్చిన మాట ఇది. అందరూ తలలూపారు. నేను మాత్రం ఊపలేదు. మొన్న నాకేమయిందో వింటే, నువ్వు కూడా ఊపి ఊరుకోవాల్సిందయ్యా అని మీరే అంటారు.

ఇంకొకడి మాట నమ్మి పడుకునేవాడు బానిస, తన రక్షణ తానే చూసుకునేవాడు మనిషి అని నా సిద్ధాంతం. నా సొంతమేం కాదు, ఎక్కడో చదివాను. ఆ ఊపులోనే వీధి ఆత్మరక్షణ సంఘం పెట్టాను. ప్రెసిడెంటు నేనే. సభ్యులు ఇంకా చేరలేదు. కాబట్టి సంఘం పని మా ఇంట్లోనే మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంట్లో ఉండేది అమ్మ, నేను, పురిటికి వచ్చిన అక్క. నాయన నూలు కోసం ప్రొద్దుటూరు పోయినాడు. అక్కకు నెలలు నిండాయి. నా భయమంతా ఆమె గురించే. మిద్దె మెట్లు పెరట్లో ఉన్నాయి, పెరడేమో ఏటి వైపు. నీళ్లొస్తే మొదట మునిగేవి ఆ మెట్లే కదా! అందుకని గవాచి ప్లాను వేశాను. గవాచి అంటే వెలుతురు రావడానికి, పొగ పోవడానికి వంటింటి పైన మిద్దెకు వదిలే చదరపు కంత. దాని కింద నిచ్చెన వేస్తే గడప దాటకుండానే మిద్దెక్కొచ్చు. నేను ముందెక్కి అక్కను చేయిపట్టి లాగుతాను, అమ్మ కింద నుంచి ఊతమిస్తుంది.

“నిండు నెలల మనిషిని బొక్కలోనుంచి లాగుతావా? నేనేమన్నా గుమ్మడికాయనా?” అంది అక్క.

“ఆపదలో క్రమశిక్షణే ఆయుధం అక్కా!”

“నీ ఆయుధం పాడుగాను. ముందు నిచ్చెన ఊగుతాండాది, అది చూడు.”

మొన్న మధ్యాహ్నం. మాకు చినుకు కూడా లేదు, ఎండ కాస్తోంది. ఎగువన ఎక్కడో కురిస్తే మాకు ఏరొస్తుంది, పెన్న గుణమే అంత. ఉన్నట్టుండి వీధిలో కేకలు: “ఏరొచ్చె! ఏరొచ్చె!” తప్పెటా లేదు, గిప్పెటా లేదు. కేకల వెనకాలే హోరు. ఆ హోరు చెవికంటే ముందు కడుపుకు తెలుస్తుంది.

ఏమొచ్చినా ప్లాను ప్లానే! లోకాన్ని మార్చే పుస్తకాలు తడవకూడదని, ఉన్నవన్నీ చొక్కా లోపల నడుం చుట్టూ పేర్చి తువ్వాలుతో బిగించి కట్టాను. నిచ్చెనెక్కాను. తల దూరింది. చేతులు దూరాయి. ఛాతీ దూరింది. నడుం దగ్గర ఆగిపోయాను. పైకి రాను, కిందికి పోను. సీసాకు బిరడా కొట్టినట్టు!

“పోరా పైకి!” అని కింద నుంచి అమ్మ.

“పోలేకుండా ఉండానమ్మా!”

అమ్మ నా కాళ్లు పట్టి తోసింది, లాగింది. నేను తన్నుకున్నాను. నిచ్చెన కాస్తా జారి దబ్బున పడింది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. “ఇంట్లోకి నీళ్లొస్తాండాయిరా!” అని అమ్మ అరిచింది. “అమ్మా!” అని అక్క కేక. ఆ తర్వాత కింద నుంచి ఒక్క మాట లేదు.

నాలో సగం ఎండలో, సగం చీకట్లో. కింద ఏం జరుగుతోందో కనబడదు. పిలిస్తే పలికేవాళ్లు లేరు.

వీధి వీధంతా మిద్దెల మీదే ఉంది. పక్క మిద్దె మీద పరుపులు కుట్టే ఖాదర్ మామ, ఆయన ఇంటిల్లిపాదీ. రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకున్నాను.

“లేవండి! కదలండి! కళ్లముందర ప్రాణాలు పోతాంటే చూస్తా కూర్చుంటారా?”

“చూడండప్పా, ఏరు మీదికొస్తాండినా మనోని మీటింగు మాత్రం ఆగలే!” అన్నాడు మామ.

“మీటింగు కాదు మామా! రా! చేయందీ!”

“చెప్పబ్బీ, చెప్పు! ఈ పొద్దు గొంతు శానా బాగుండాది.”

ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ల తప్పేముంది? పిట్టగోడ చాటున నా నడుం కంతలో ఇరుక్కున్న సంగతి వాళ్లకు కనబడదు. ఏడాదిగా ప్రతి అరుగు మీదా నేను ఇవే మాటలు, ఇట్లాగే చేతులెత్తి అరుస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది. అవతలి మిద్దె మీద ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంటూ, “పాపం, పేదోళ్ల కోసం ఎట్లా ఏడుస్తాండాడో!” అంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో నా నెత్తిన గట్టిగా మొట్టారు. తిప్పగలిగినంత తల తిప్పి చూశాను. అక్క! చీర మోకాళ్ల దాకా తడిసింది. అమ్మ భుజం పట్టుకుని రొప్పుతోంది. నేను మునుగుతాయన్న పెరటి మెట్లే ఎక్కి వచ్చింది.

“మూడో మెట్టు దాకా నీళ్లుండాయి. కాలు జారింటే పోయింటి. నీ కోసం ఇంకొంచెంసేపు ఆగింటే అమ్మా నేనూ ఇద్దరం పోయింటిమి,” అంది.



ఆమెను చూశాక గానీ ఖాదర్ మామకు సంగతి అర్థం కాలేదు. పిట్టగోడ దాటి వచ్చి, కంతలో చేయి పెట్టి తువ్వాలు ముడి విప్పాడు. పుస్తకాలు ఒక్కొక్కటే కింద నీళ్లలో బుడుంగుమన్నాయి.

“అవి మునిగితే గానీ నువ్వు తేలలేదే అబ్బీ!” అని నన్ను పైకి లాగాడు.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. పొట్ట మీద చేయి పెట్టుకుని ఒక మూల కూర్చుంది. బిడ్డ కదలడం లేదంది. అమ్మ చేయి పెట్టి చూసింది. ఖాదర్ మామ భార్య చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మిద్దె మీద నవ్వులు ఆగిపోయాయి. నాకు తెలిసిన నినాదాల్లో ఆ సమయానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. పొద్దు గుంకే వేళకు అక్క ఉలిక్కిపడి, “తన్నినాడురా!” అంది. నేను ఆ మట్టి మిద్దె మీదే చతికిలబడ్డాను.

తప్పెట మరుసటి రోజు మోగింది. మేము ఇంట్లో బురద ఎత్తి పోస్తున్నాం. “ఏరొస్తాదంట, జాగ్రత్త!”

నిండు నెలల మనిషి ఆ నీళ్లలో మెట్లు తడుముకుంటూ ఎందుకెక్కాల్సి వచ్చిందో, ఆ ఆఫీసరు మా వీధికొచ్చి అక్క ముందర నిలబడి చెప్పాలి. అరిచి అడుగుదామంటే, నేను నోరు తెరిస్తే మా వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. అందుకని ఈసారి ఇదంతా ఇట్లా రాసి అడుగుతున్నాను. జవాబు రావాల్సిన గడువు: జనవరి ఇరవై ఆరు, జెండా ఎగరేసే లోపల.