నాయన రెస్టు తీసుకున్న ఏడాది

మొన్న మా పదో తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక రాతిపలక ఫోటో పెట్టారు. చెక్క చట్రం, ఒక మూల కాస్త విరిగిన రాయి, పక్కన అరిగిపోయిన బలపం ముక్క, కింద "ఎవరికి గుర్తుంది ఫ్రెండ్స్?" అని ప్రశ్న. ఇంకేముంది, అరవై దాటిన మా బ్యాచ్ మొత్తం ఒక్కసారిగా ఒకటో తరగతిలోకి దూకింది. ఉమ్మి వేసి తుడిచిన సంగతులు, బలపాలు నమిలి అమ్మ చేత తిన్న దెబ్బలు, ఆ రోజులే వేరనే నిట్టూర్పులు, సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. మోకాలి ఆపరేషనయి మంచం మీద పడి ఉన్నాను గనక అన్నీ చదివాను, నేనొక్కదాన్నే ఏమీ రాయలేదు. మార్కాపురంలో పుట్టి పెరిగినదాన్ని నేను. మీరు ఏ ఊరి బడిలో చదువుకున్నా చిన్నప్పుడు మీ ఒళ్ళో ఉన్న పలక మా ఊళ్ళో తయారైనదే అయి ఉండవచ్చు. కానీ ఆ ఫోటో చూస్తే నాకు బడి గుర్తుకు రాదు, మా నాయన ఏడాది పాటు ఇంట్లో రెస్టు తీసుకోవడం, ఆ ఏడాది మేము ఆయన్ను పెట్టిన కష్టం గుర్తుకొస్తాయి. అది గ్రూపులో రాస్తే పాపం అందరి సంబరమూ పాడవుతుంది. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నాయన పలకల ఫ్యాక్టరీలో కటింగ్ మిషను దగ్గర పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు, ఆ పొరలను మిషను మీద కొలతకు కోస్తారు, ఆ తర్వాత ఆడవాళ్ళు వాటిని నున్నగా రుద్ది చట్రాలు బిగిస్తారు. కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ లేచే దుమ్ము గోధుమపిండి అంత మెత్తగా ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయన కనుబొమలూ వెంట్రుకలూ చెవుల మీది నూగూ అన్నీ బూడిదరంగులో ఉండేవి. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఆయన స్నానానికి వెళ్ళకముందే పోటీపడి ఆ చేతుల మీద వేలితో మా పేర్లు రాసేవాళ్ళం. పని దిగగానే బెల్లం ముక్క తింటే లోపలికి పోయిన దుమ్మంతా దిగిపోతుందని ఫ్యాక్టరీ వాళ్ళకు గట్టి నమ్మకం, మా పేటలో బెల్లం డబ్బా లేని ఇల్లు ఉండేది కాదు. బెల్లం తింటూనే దగ్గేవారు, దగ్గుతూనే చిక్కిపోయేవారు, నలభై ఐదు దాటకుండానే మంచం పట్టేవారు. వాళ్ళందరి జబ్బుకూ మేము పెట్టుకున్న పేరు ఒక్కటే, టీబీ.

నేను పదో తరగతికి, అన్నయ్య ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిన ఎండాకాలంలో నాయనకు మిషను ముందు నిలబడే శక్తి పోయింది. ఊళ్ళో డాక్టరు చూసి, టీబీ కావచ్చు, పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించుకో, ఏదేమైనా ఏడాది పాటు పూర్తిగా రెస్టు తీసుకోవాలి అని చెప్పాడు. మా తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఏళ్ళు గడిచినా, పెద్ద జబ్బు చేస్తే మావాళ్ళ కాళ్ళు కర్నూలు వైపే నడిచేవి. నాయన ఒక్కడే వెళ్ళి మూడో రోజున తిరిగొచ్చాడు. ఏమన్నారని అమ్మ అడిగితే, "అదేలే, ఈడ చెప్పిందే ఆడా చెప్పినారు" అన్నాడు. వారం తిరక్కుండానే, అంతవరకూ ఇల్లు దాటి పనికి వెళ్ళని మా అమ్మ అదే ఫ్యాక్టరీలో పలకలు రుద్దే పనిలో చేరింది. నాయన ముందు వద్దన్నాడు, ఇంకేదైనా చూసుకోమన్నాడు, మా ఊళ్ళో ఇంకేదైనా అంటే ఏముందని అమ్మ అడిగింది.

పగటిపూట కూర్చున్న నాయనను మేము అంతకుముందు చూసి ఎరగము. మొదటి నెల ఆయన రెస్టును కొత్త బట్టల్లాగా జాగ్రత్తగా, కాస్త సిగ్గుపడుతూ వాడుకున్నాడు. వసారాలో నులక మంచం మీద కూర్చుని వీధిలో ఎవరు ఎటు పోయిందీ, ఎవరు కూరగాయలకు గీచి గీచి బేరమాడిందీ అంతా చూసి, అమ్మ రాగానే పూస గుచ్చినట్టు చెప్పేవాడు. అదంతా మేము బుద్ధిమంతులం కాకముందు సంగతి.

ఆ వానాకాలంలో మా సైన్సు పాఠం అంటువ్యాధుల దాకా వచ్చింది. దగ్గితే తుంపర్లు ఎంత దూరం పోతాయో, రోగి పళ్ళెమూ గ్లాసూ ఎందుకు వేరుగా ఉంచాలో నోట్సు రాసుకుని ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే అన్నయ్యా నేనూ సభ తీర్చాము. నాయన ఇక నడింట్లోకి రాకూడదు, ఆయన కంచం, చెంబు, దుప్పటి వసారాలోనే ఉండాలి. అమ్మ మా ముఖాలూ నాయన ముఖమూ మార్చి మార్చి చూసి, చదువుకున్న పిల్లలు తెలియక చెబుతారా అంది. నాయన తన కంచమూ చెంబూ తానే తీసుకెళ్ళి వసారాలో పెట్టుకున్నాడు. ఎక్కడిదాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో ఆయన మరచిపోకుండా నేను బలపం తీసుకుని వసారాకూ నడింటికీ మధ్య నల్లబండల మీద ఒక గీత గీశాను. రోజూ పొద్దున ఇల్లు తుడిస్తే అది చెరిగిపోయేది, అమ్మ వాకిట్లో ముగ్గు వేసి పనికి వెళ్ళాక నేను మళ్ళీ గీసేదాన్ని.

గీసేటప్పుడు నాయన మంచం మీద నుంచి చూసేవాడు. ముప్ఫై ఏళ్ళు రాయిని తిన్నగా కోసిన కన్ను గదా, వంకర చూసి ఊరుకోలేకపోయేది. "కుడిపక్క దిగింది పాపా. బలపం దిక్కు చూడగాకు, యాడికి పోవాల్నో ఆడికి చూడు" అని నేర్పాడు. నెల తిరిగేసరికి స్కేలు లేకుండా బారెడు గీత తిన్నగా గీయడం వచ్చింది, లెక్కల సారు నా జామెట్రీ బొమ్మలు క్లాసంతటికీ చూపించి మెచ్చుకున్నాడు.

ఆ వయసు పిల్లల్లో ఎంత కర్కశత్వం ఉంటుందో పిల్లలను పెంచినవాళ్ళకూ నాలాగా బడిలో పాఠాలు చెప్పినవాళ్ళకూ తెలుసు, కానీ మనమూ ఆ వయసు దాటి వచ్చినవాళ్ళమేనని ఒప్పుకోము. అన్నయ్యకు అప్పుడే మీసం వస్తోంది, స్నేహితులు వచ్చినప్పుడు దగ్గు వినిపించకుండా దిండులో ముఖం పెట్టుకోమని నాయనకు చెప్పాడు, ఆయన అలాగే పెట్టుకునేవాడు. నేను ఆ ఏడే ఓణీ వేసుకున్నాను. ఇటు తిరగమ్మా, ఒకసారి చూస్తానని నాయన అడిగితే గీతకు ఇవతల, గోడకు ఆనుకుని, ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. కార్తీకంలో ఒకరోజు వాన జల్లు వసారా అంతా కొట్టింది. నాయన మంచాన్ని గోడ వారకు జరుపుకుని, మోకాళ్ళు ముడుచుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నడింట్లో లెక్కలు చేసుకుంటున్న నేను తలెత్తి చూసి, మళ్ళీ పుస్తకంలో తల పెట్టుకున్నాను. గీత జల్లుకు తడిసి కరిగిపోయినా ఆయన దాన్ని దాటలేదు.

ఆయన ఆ ఏడాదంతా పట్టుబట్టింది ఒక్క విషయంలోనే. అమ్మ పని నుంచి వచ్చి గడపలో కాలు పెట్టగానే కొంగు మూతికి కట్టుకున్నావా, బెల్లం తిన్నావా అని అడిగేవాడు. కట్టుకోలేదంటే విసుక్కునేవాడు. "నీ దగ్గు సంగతి చూస్కో, నా బెల్లంతో నీకేం పని" అని అమ్మ కసిరేది. పనీపాటా లేక చాదస్తం ఎక్కువైందని అన్నయ్యా నేనూ నవ్వుకునేవాళ్ళం.

పరీక్షలు ఇంకా నెలా పది రోజులు ఉన్నాయనగా నాయన స్నానానికి లేచి పడిపోయాడు. మళ్ళీ కర్నూలు తీసుకుపోవాలి. పని మానితే అమ్మ స్థానంలో ఇంకొకరు చేరిపోతారు, అన్నయ్యకు ప్రాక్టికల్స్, అందుకని నేను వెళ్ళాను. బస్సులో ఆయన ఒక సీట్లో, నేను రెండు వరుసల వెనక. ఆసుపత్రిలో డాక్టరు ఎక్సరే చూస్తుండగా నా తెలివి చూపించుకోవాలనిపించి, ఆయన గిన్నెలు వేరుగా పెడుతున్నామండీ, ఇంకెన్నాళ్ళు పెట్టాలి అని అడిగాను. డాక్టరు తలెత్తి నన్నూ నాయననూ చూశాడు.

"ఎవరికి అంటుతుందని వేరుగా పెట్టారమ్మా? ఇది టీబీ కాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. దీనికి మందు లేదు. మొదటిసారి వచ్చినప్పుడే మీ నాన్నకు చెప్పాం, ఇంట్లో ఇంకెవరినీ ఆ పనికి పంపొద్దని కూడా చెప్పాం."

నాయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన పక్కనే కూర్చున్నాను. నల్లమల ఘాటు దిగి గిద్దలూరు బస్టాండులో బస్సు ఆగితే నాయన ఒక టీ తెప్పించుకున్నాడు. ఎందుకు చెప్పలేదు నాయనా అని అప్పుడు అడిగాను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "దుమ్ము అంటే మీయమ్మ పనికి పోతాదా? పోకుంటే ఈ ఏడు మీ చదువులెట్ల? టీబీ అనుకుంటే నేనొక్కన్నే గదా అవతల ఉండేది. మీ పరీక్షలు కానీ, నేనే చెప్పి మాన్పిస్తా. అందాక నువ్వు నోరు తెరవగాకు." నేను ఏడుస్తూ ఆయన చేతిలోని గ్లాసు అందుకోబోయాను, ఆ మిగిలిన సగం తాగుదామని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దు పాపా. ఇప్పుడు తాగితే ఇంటికాడ కూడా మర్చిపోయి తాగుతావు, అమ్మకు తెలిసిపోతాది."

మర్నాడు పొద్దున ఇల్లు తుడిచి, బలపం తీసుకుని, గీత గీశాను. ఆ రోజు అది బాగా వంకర పోయింది, నాయన ఏమీ అనలేదు. ఆ తర్వాత నలభై రోజులూ గీశాను. నాయన మాట కోసమే గీశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను, అందులో సగమే నిజం. ఆ గీత మానేస్తే ఎందుకు మానేశావని అమ్మ అడుగుతుంది, అడిగితే, ఏ రోగమూ అంటించని మనిషిని నెలల తరబడి వానకూ చలికీ వదిలేసింది నేనేనని తేలిపోతుంది. దుమ్ములోకి రోజూ నడిచిపోతున్న మా అమ్మ ప్రాణం కంటే ఆ పదిహేనేళ్ళ పిల్లకు తన పరువే ముఖ్యమనిపించింది. కొంగు మూతికి కట్టుకో అమ్మా అని మాత్రం నేను కూడా అనడం మొదలుపెట్టాను, తండ్రి చాదస్తం కూతురికి పట్టిందని అమ్మ నవ్వింది.

చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం నాయన మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆయనకు అప్పటికి ఒక ఊపిరిలో రెండు మాటలు కూడా రావడం లేదు. రేపు చెబుతాడులే అనుకున్నాను. ఆయన కూడా నా వైపు చూశాడు, బహుశా నేను చెబుతానని అనుకున్నాడేమో. మూడో రోజు తెల్లవారేసరికి పోయాడు.

దినానికి బంధువులంతా వచ్చి కూర్చున్నప్పుడు అమ్మ నన్ను దగ్గరకు లాక్కుని తల నిమురుతూ అందరికీ చెప్పింది. "ఇది సదువుకున్నది గాబట్టి, ఆయన్ను అవతల పెట్టింది గాబట్టి మాకెవురికీ అంటలే. లేకుంటే మేమూ పోయుండేటోళ్ళం." మా మేనత్త నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు, నాకు నోరు రాలేదు. అమ్మ మర్నాడే పనికి వెళ్ళింది. ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు వెళ్ళింది. ఆ తొమ్మిదేళ్ళలో అన్నయ్య ఉద్యోగస్థుడయ్యాడు, నేను డిగ్రీ చదివి, ట్రైనింగు అయి, పంతులమ్మనయ్యాను. ప్రతి ఎండాకాలం సెలవుల్లో చెప్పాలనుకునేదాన్ని, ప్రతి ఏడూ ఇంకొక ఏడాది దుమ్ము నా మౌనం మీద పడేది.

అమ్మకు దగ్గు పట్టుకున్నప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. ఎవరూ చెప్పకుండానే కంచమూ గ్లాసూ తీసుకుని తనంతట తానే వసారాలోకి వెళ్ళి పడుకుంది. పిల్లలను ఎత్తుకుని నేను వెళితే చేతులు అడ్డం పెట్టి, రానీయొద్దు రానీయొద్దు అని కేకలు వేసింది. అప్పుడు చెప్పాను. పిల్లలను బయటికి పంపి, ఆమె కంచంలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తిని, ఇది అంటేది కాదమ్మా, దుమ్ము, నాయనదీ ఇదే అని చెప్పాను. నన్ను కొడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, తన బతుకును తలచుకుని ఏడుస్తుందనుకున్నాను.

అమ్మ ఒకప్పుడు నేను గీత గీసిన నల్లబండల వైపు చూసింది. తర్వాత, "అయితే ఆయన్ను ఊరికే బయట పెట్టినామా" అంది.

ఇప్పుడు మా పేటలో మిషన్ల మోత లేదు, చాలా ఫ్యాక్టరీలు తలుపులు వేసుకున్నాయి, పిల్లలు ఫోను అద్దం మీదే అక్షరాలు దిద్దుతున్నారు. ఆ జబ్బుకు వేరే పేరుందని ఇప్పుడు ఆటో నడిపే కుర్రవాడికి కూడా తెలుసు. పాత రోజులు పోయాయని మీరు బాధపడుతుంటే నేను మీతో కలిసి బాధపడలేను, మా ఊరి వరకూ అవి పోవడమే మంచిదయింది. అమ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది, నా పిల్లలు ఆమె పక్కలోనే పడుకున్నారు, ఆమె కంచంలోనే తిన్నారు. నీకెప్పుడు తెలిసింది అని మాత్రం ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్షలకు ముందు నాయనతో కర్నూలు పోయొచ్చింది నేనేనని ఆమెకు బాగా గుర్తుంది.