మిల్లు లైనులో సారు జ్వరం

మా జువాలజీ సారు పోయారని సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకి కిడ్నీలు చెడిపోయాయట. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఎవరి మీదో కాదు, సారు మీదే.

కోదాడ నుంచి రోజూ బస్సులో సూర్యాపేట వెళ్లి ఆయన దగ్గర డిగ్రీ చదివాను. రోగనిరోధక శక్తి పాఠాన్ని ఆయన బోర్డు మీద చెప్పలేదు. మమ్మల్ని గ్రౌండ్‌లోకి తోలి కబడ్డీ ఆడించారు. కూతకొచ్చినవాడు సూక్ష్మజీవి, పట్టే మేమంతా రక్తకణాలం. దొరికినవాడి మీద అందరం పడి పిసికేస్తుంటే ఈల వేసి ఆపారు.

“పట్టుకున్నంక ఇడువాలె బిడ్డా! ఇంకా గుద్దుతనే ఉంటే ఇరిగేది మన ఎముకలే.”

ఇప్పుడు హైదరాబాద్‌లో నేను చేసే పనీ అదే. కంప్యూటర్‌లో ఒక ఒంటిని కట్టి, అందులోకి సూక్ష్మజీవిని వదిలి, కణాలు ఎప్పుడు లేస్తాయో, ఎప్పుడు హద్దు దాటుతాయో లెక్కగట్టడం. ఎలుకల వల్ల పొలం నీళ్లలో చేరి, పుండ్లలోంచి ఒంట్లోకి పాకే జ్వరం మీద చేస్తున్నానంటే సారు మురిసిపోయారు.

“మందుల షాపోళ్లు కట్టిచ్చే గోళీల సంగతి గూడ రాయి. అండ్ల స్టెరాయిడ్ ఉంటది. జ్వరం తగ్గదు, దాక్కుంటది” అనేవారు. వీధిలో ఎవరు ఆ పొట్లం కొన్నా తగువు పెట్టుకునేవారు. షాపువాడికి ఆయన్ను చూస్తేనే చిరాకు.

అలాంటి మనిషి ఈ కోతల ముందు త్రిపురారంలోని తన పొలంలో, కాలి పుండుతోనే మడి నీళ్లలోకి దిగారు. వారం దాటాక జ్వరం వచ్చింది. అప్పటికే మిర్యాలగూడ మిల్లు ముందు ఆయన వడ్ల ట్రాక్టర్ లైనులో ఉంది. రక్తపరీక్షకు పోదాం రమ్మని ఆయన భార్య బతిమాలింది.

“లైన్లకెళ్లి జరిగితే మల్ల ఎనకకు వోవాలె. పచ్చి వడ్లు రంగు మారితయ్, ధర రాదు” అన్నారట.

మిల్లు పక్క షాపులో తనే పొట్లం కట్టించుకున్నారు. జ్వరం దిగింది. తగ్గిందనుకుని ట్రాక్టర్ నీడలోనే కూర్చున్నారు. మూడో రోజు వడ్లు దించేసరికి ఆయన కళ్లు పచ్చబడ్డాయి.

సంతాప సభలో అందరూ విధి అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఊరందరికీ బుద్ధి చెప్పిన మనిషి తన దాకా వచ్చేసరికి వడ్ల గురించే ఆలోచించారు. ఇందులో విధి ఏముంది?

దశదిన కర్మ అయ్యాక అమ్మ నన్ను పక్కకు పిలిచింది. సారు భార్యను మేమంతా అమ్మ అనే అంటాం.

“బిడ్డా, నీ కంప్యూటర్ల సూస్తే తెలుస్తదట గద. ఆ గోళీలు ఏసుకోకుండ, ఆ దినమే దవాఖానకు తోల్కపోతే బతుకుతుండెనా?”

“ఒక్క మనిషి సంగతి అది చెప్పలేదమ్మా” అన్నాను.

అది నిజమే. కానీ సారు రిపోర్టులు చేతికొచ్చిన రోజే నేను ఆగలేకపోయాను. వాటిని కంప్యూటర్‌లోని ఒంటికి ఎక్కించి, గోళీలు తీసేసి, రక్తపరీక్షను మొదటి రోజుకే జరిపి, మళ్లీ మళ్లీ నడిపాను.

అమ్మ తలూపి, కొంగుతో మొహం తుడుచుకుంది. నా కంప్యూటర్ తెర మీద సారు చాలాసార్లు బతికారు.