ముక్కు లేని సీటు

కరోనా భయం పోయి జనం మళ్ళీ మామూలుగా బజారుకు రావడం మొదలైన ఏడాది అది. మాఘమాసం. పర్చూరు వైపు పల్లెల్లో మిరపకోతలు జోరుగా సాగుతున్నాయి. చీరాలలో నా సైకిల్ షాపుకు ఆ రోజుల్లో పల్లెలకు వెళ్ళి సరుకు అమ్ముకునేవాళ్ళు ఎక్కువగా వస్తారు. కోతలు ఉన్నన్నాళ్ళు కూలీల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడతాయి కాబట్టి గిన్నెలవాళ్ళు, దుప్పట్లవాళ్ళు, చీరలవాళ్ళు అందరూ అటే పోతారు. పిల్లల గేరు సైకిళ్ళు గోడకు తగిలించి ఉంచుతాను గానీ, నా షాపు నడిచేది ఈ పాతకాలపు బారు సైకిళ్ళ మీదే.

నాగభూషణం గారు చీరలవాళ్ళలో ఒకరు. అరవై దాటాయి. సగం జీవితం మగ్గం మీద గడిపి, ఒక కన్ను చూపు మందగించాక నేత మానేశారు. అయినవాళ్ళు నేసిన చీరలు మూటకట్టుకుని పల్లెల్లో తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. ఆ కన్ను వల్లే మోపెడ్ కూడా నడపలేరు. సైకిల్ అయితే నిదానంగా పోవచ్చు. క్యారియర్ మీద పాతిక కేజీల మూటతో రోజుకు నాలుగు ఊళ్ళు తిరిగేవారు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఆయన సైకిల్ మా షాపులోనే బాగవుతోంది. నేను బాబాయ్ అని పిలుస్తాను.

ఒకరోజు వచ్చి, "ప్రభాకరం, కాస్త మెత్తటి సీటుంటే చూడయ్యా. నడుం నెప్పెడుతోంది" అన్నారు.

నేను రెండో మాట అడగలేదు. పాత సీటు మీదే జెల్ కవర్ తొడిగి పంపించాను. జెల్ కవర్ అంటే లోపల జిగురులాంటి పదార్థం నింపిన మెత్తటి తొడుగు. వేలితో నొక్కితే దిగబడుతుంది. ఎవరికి చూపించినా సంబరపడి కొంటారు.

పదిహేను రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. షాపులో ఇంకెవరో ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా బయట చక్రం చువ్వలు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. తర్వాత లోపలికి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పారు.

"నడుం కాదయ్యా. కింద. ఒక ఊరు దాటేసరికి మొద్దుబారిపోతోంది. దిగినాక కూడా అరగంట దాకా స్పర్శ తెలీట్లా. ఈ మెత్తది వేసినాక ఇంకా ఎక్కువైంది. ఒంటికి కూడా సరిగ్గా రావట్లా."

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

"దీపావళి ముందు నుంచి."

"పిన్నికి చెప్పారా?"

"ఇది చెప్పుకునేదేనా?"

నాకు సిగ్గేసింది. సైకిల్ మీద కూర్చున్నప్పుడు మన బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడాలి. ఆ రెండు ఎముకల నడుమ ఉన్న మెత్తటి భాగంలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. సీటు ముందుభాగం, మేము ముక్కు అనేది, అక్కడ ఒత్తితే తిమ్మిరి ఎక్కుతుంది. సీటు మెత్తగా ఉన్నకొద్దీ ఎముకలు దిగబడి, నడుమ భాగం ఇంకా పైకి ఒత్తుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నడుం నొప్పి అనగానే తొడుగు అమ్మేశాను.

ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నాను. ఆయన ఒక్కరే వెళ్ళరని తెలిసి నేనే తోడు వెళ్ళాను. డాక్టరు గారు పరీక్షలు చేయించి, వేరే జబ్బేమీ లేదని చెప్పారు. మూడు వారాలు సైకిల్ ఎక్కొద్దన్నారు. "తర్వాత ఎక్కాలంటే నడుమ ఒత్తని సీటు చూసుకోండి. అదీ పడకపోతే సైకిల్ మానెయ్యాల్సిందే" అన్నారు.

బయటికి వచ్చాక నాగభూషణం గారు, "సైకిల్ దిగితే నేనింక ఇంట్లో కూర్చోటమేనయ్యా" అన్నారు.

బెజవాడలో నాకు సామాను పంపే ఆయనకు ఫోన్ చేసి ముక్కు లేని సీటు ఒకటి తెప్పించాను. చూడటానికి వింతగా ఉంటుంది. రెండు దిండ్లు పక్కపక్కన, మధ్యలో సందు. ముందుకు పొడుచుకు వచ్చేదేమీ లేదు. మూడు వారాలు కాగానే పాత సీటు తీసేసి దాన్ని బిగించాను. "కొత్తగా ఉంటుంది, రెండ్రోజుల్లో అలవాటవుతుంది బాబాయ్" అని పంపించాను. అంత ధైర్యంగా ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

నాలుగో రోజు వాళ్ళావిడ రుక్మిణమ్మ గారు షాపుకు వచ్చారు. చేతిలో గోనెసంచి. అందులోంచి ఆ సీటు తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఇది నువ్వే ఉంచుకో నాయనా. నిన్న మీ బాబాయ్ పంటకాలవలో పడ్డాడు."

"అయ్యో, దెబ్బలేమన్నా..."

"మోచెయ్యి గీరుకుపోయింది. ఇంకో అడుగు ఇటైతే ట్రాక్టర్ కింద ఉండేవాడు. పడ్డాడు కాబట్టి అసలు సంగతి నాకు చెప్పాడు. అన్ని నెలలు నా దగ్గర దాచిపెట్టి, నీకు చెప్పాడంటగా! నీకు తెలిసినప్పుడన్నా నాకు ఒక మాట చెప్పొద్దా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం షాపు తెరవలేదు. ఆ సీటు నా సైకిల్‌కే బిగించి, క్యారియర్ మీద ఆయన మూటంత బరువుండేలా పాత టైర్లు కట్టి, కాలవ కట్ట మీద బయల్దేరాను. ఇన్నేళ్ళలో ఎన్నో సీట్లు బిగించాను గానీ, బిగించిన సీటు మీద బరువుతో పది కిలోమీటర్లు తొక్కింది అదే మొదటిసారి.

మొదటి కిలోమీటరులోనే ముందుకు జారిపోతున్నట్టు అనిపించింది. జారకుండా హ్యాండిల్‌ను నెట్టి పట్టుకుంటే అరచేతులు మంటపుట్టాయి. పాత సీటుకు అలవాటైన చేత్తో దీని ముందువైపు కాస్త కిందికి వంచి బిగించానని అప్పుడు తెలిసింది. దిండ్లు మందంగా ఉండటంతో కూర్చునే ఎత్తు కూడా అంగుళం పెరిగింది. ఆయన కాళ్ళు నేలకు సరిగ్గా అంది ఉండవు. ఎదురొచ్చిన తెలిసినాయన పలకరిస్తే ఒక చెయ్యి ఎత్తాను. వెంటనే సైకిల్ పక్కకు ఈడ్చింది. దిగి నిలబడి ఆలోచిస్తే అర్థమైంది. మనం సైకిల్‌ను చేతులతోనే నడుపుతున్నామనుకుంటాం. నిజానికి తొడలతో సీటు ముక్కును అటూ ఇటూ నొక్కి నిలబెడుతుంటాం. అది అక్కడ ఉన్నంతకాలం ఆ సంగతి తెలియదు.

సాయంత్రం నాగభూషణం గారి ఇంటికి వెళ్ళాను. మోచేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. రుక్మిణమ్మ గారు నన్ను చూసి లోపలికి పోబోయారు.

"పిన్నీ, తప్పు సీటుది కాదు, నాది. సరిగ్గా బిగించలేదు. బాబాయ్ ఎట్లా తొక్కుతాడో చూడకుండా పంపించాను. నాకు ఒక్క రోజు ఇవ్వండి. నేను పక్కనుండి చూసినాక కూడా కుదరకపోతే, మీరు వద్దంటే నేనూ వద్దంటాను."

ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన కిందికి చూస్తున్నారు.

"పడకుండా చూసుకుంటావా?" అని అడిగారు ఆవిడ.

"పక్కనే ఉంటాను."

మోచెయ్యి మానాక ముందు షాపులో కొలతలు తీసుకున్నాను. చెక్క స్టూలు మీద టైర్ల అట్టపెట్టె ముక్క వేసి ఆయన్ని కూర్చోమన్నాను. లేచాక అట్ట మీద ఎముకలు దిగిన రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరానికి సరిపడా సీటు దిండ్లు జరిపాను. సీటు బల్లపరుపుగా ఉంచి, ఎత్తు అంగుళం తగ్గించి, హ్యాండిల్ రెండంగుళాలు పైకి లేపాను. మూట లేకుండా మా వీధిలోనే నాలుగు రోజులు తిప్పించాను. పిల్లలు నవ్వారు. ఆయన తల ఎత్తలేదు.

ఐదో రోజు మూట కట్టి ఇద్దరం మొదటి ఊరికి వెళ్ళాం. కల్లాల్లో ఎండుమిరప పరిచి ఉంది. ఘాటుకు నేను తుమ్ముతూనే ఉన్నాను, ఆయనకు అలవాటే. ఒక గుమ్మం ముందు ఆయన ఆగడం చూశాక, కాలవలో ఎందుకు పడ్డారో నాకు పూర్తిగా తెలిసింది. ఆయన సైకిల్ దిగరు. ముందుకు జరిగి, ఒక కాలు నేల మీద ఆనించి, ఇంకో తొడతో సీటు ముక్కును నొక్కి సైకిల్‌ను నిలబెట్టి, వెనక్కి తిరిగి రెండు చేతులతో మూట విప్పుతారు. ఇన్నేళ్ళ అలవాటు. ఆ రోజు ట్రాక్టర్‌కు దారి ఇవ్వడానికి ఆగి, తొడతో నొక్కబోతే అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు కూడా సైకిల్ ఒరగబోతే నేను పట్టుకున్నాను.

"దిగి స్టాండ్ వెయ్యండి బాబాయ్. రెండు కాళ్ళ స్టాండ్ బిగించాను, మూటతో సహా నిలబడుద్ది."

"నీకు తెలీదయ్యా" అన్నారు విసుగ్గా. "సైకిల్ మీదుంటే, పోయేవాడు గదా చూద్దాం అని వస్తారు. దిగి స్టాండేశాననుకో, కొనేదాకా వదలడని లోపలికి పోతారు."

అది నాకు తెలియని విద్య. అయినా ఇంకో దారి లేదు. ఆయన అయిష్టంగానే దిగి స్టాండ్ వేశారు. అప్పుడే కోతకు బయల్దేరిన మరియమ్మ అనే ఆవిడ ఆగింది. ఏటా క్రిస్మస్‌కు ఆయన దగ్గరే చీర తీసుకుంటుందట.

"ఏంది నాగభూషణం గారూ, సీటు ముందు ముక్క ఎవరన్నా కోసుకుపోయారా?" అని గట్టిగా నవ్వింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కొత్త రకం లేమ్మా" అని గొణిగి మూట విప్పారు. ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరూ లోపలికి పోలేదు. కాకపోతే ఒక్కో చీరా విప్పించుకుని చాలాసేపు చూశారు. నాలుగు ఊళ్ళు తిరిగే పొద్దులో రెండు ఊళ్ళే అయ్యాయి.

"సగం తిరుగుడు పోయింది" అన్నారు తిరిగి వస్తూ.

"ఒంట్లో ఎట్లా ఉంది?"

ఆయన సీటు మీద అటూ ఇటూ జరిగి చూసుకున్నారు. "కింద బానే ఉంది. ఇదుగో, వెనక రెండు పక్కలా రోకలితో దంచినట్టుంది."

"బరువు ఎముకల మీద పడుతోందన్నమాట. వారం పది రోజుల్లో తగ్గుద్ది" అన్నాను. ఈసారి రెండ్రోజులు అనలేదు.

తగ్గడానికి రెండు వారాలకు పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు వచ్చి పాత సీటు వేసెయ్యమన్నారు. ఒకసారి నేను పానా చేతిలోకి తీసుకున్నాను కూడా. "ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే" అని ఆయనే ఆపారు. నాలుగో వారంలో ఒక సాయంత్రం షాపు ముందు ఆగి, దిగి, స్టాండ్ వేసి చెప్పారు.

"ఇవాళ ఇంటికొచ్చేదాకా సీటు సంగతే గుర్తు రాలేదయ్యా."

తిమ్మిరి అప్పటికే పోయింది. ఒంటికి కూడా మామూలుగా వస్తోందని డాక్టరు గారికి చెప్పి వచ్చారట. రోజుకు మూడు ఊళ్ళు మాత్రమే తిరుగుతున్నారు. నాలుగో ఊరు వదిలేశారు.

ఆ వేసవిలో షాపు పక్క టీ బడ్డీ దగ్గర దుప్పట్లు అమ్మే సాంబయ్య అందరి ముందూ ఆ సీటు చూపించి, "ఒరేయ్ భూషణం, ఇది సీటా, ఇడ్లీ రేకా?" అన్నాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. అందరూ నవ్వారు. నాగభూషణం గారు గ్లాసు కింద పెట్టారు.

"కింద మొద్దుబారిపోయి ఒంటికి రాక ఇబ్బంది పడ్డాన్రా నేను. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా అన్ని నెలలు పాడుచేసుకున్నా. నీకూ అట్లా ఉంటే నాకు మల్లే దాచుకోమాక."

ఎవరూ నవ్వలేదు. సాంబయ్య టీ తాగి వెళ్ళిపోయాడు.

రెండ్రోజుల తర్వాత సాంబయ్య నా షాపుకు వచ్చాడు. గాలి కొట్టమన్నాడు. రెండు టైర్లూ నొక్కి చూశాను. రాయిలా ఉన్నాయి. ఆ మాట నేను అనలేదు. నాగభూషణం గారి విషయంలో నేను నేర్చుకున్నది సీటు బిగించడం ఒక్కటే కాదు. మనిషి ఎట్లా ఎక్కుతాడో, ఎట్లా ఆగుతాడో, ఎట్లా దిగుతాడో చూడకుండా ఏదీ బిగించకూడదని నేర్చుకున్నాను. ఇలాంటి బాధ ఉన్నవాడు దాన్ని దాని పేరుతో చెప్పడని, అడగాల్సింది నేనేనని, అడిగేటప్పుడు అతని మొహం చూడకూడదని కూడా నేర్చుకున్నాను.

కింద కూర్చుని వెనక చక్రం నట్లు ఊరికే బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగాను.

"సాంబయ్యా, తొక్కేటప్పుడు ఎక్కడన్నా తిమ్మిరెక్కుతోందా?"

నా వెనక స్టూలు జరిగిన చప్పుడైంది.

"ఆ" అని కూర్చున్నాడు.