ఖాళీగా వదిలిన గడి

పుంగనూరులో మాది చిల్లర అంగడి. నా స్నేహితురాలిది ఊరికి కాస్త అవతల ఉన్న పల్లె. వాళ్లకు బోరు కింద వేరుశనగ, రెండు పాడి ఆవులు. ఇంటర్ రెండేళ్లూ మదనపల్లెకు ఒకే బస్సులో పోయి వచ్చాం. రెండువేల రెండులో ఇద్దరికీ కుప్పంలో ఒకే ఇంజనీరింగు కాలేజీలో సీట్లు వచ్చాయి. వాళ్ల నాయన వారం రోజులు గింజుకున్నాడు. పిల్లను అంత దూరం ఒంటరిగా వదలడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. చివరికి మా అంగడికి వచ్చి నాతోనే చెప్పాడు.

"సూడమ్మా, నువ్వుండావనే పంపిస్తాండా. ఇద్దురూ ఒకే రూములో ఉండాల. లేదంటే సదువూ వద్దు, ఏమీ వద్దు."

"అట్లే అప్పా" అన్నాను.

హాస్టలు ఫారాలు నింపడానికి మా నాన్న మా ఇద్దరినీ కుప్పం తీసుకుపోయాడు. నా చేతిరాత బాగుంటుందని ఆమె రెండు ఫారాలూ నన్నే రాయమంది. చివరి గడిలో, గదిలో తోడు ఎవరు కావాలో పేరు రాయాలి. ఇద్దరూ ఒకరి పేరొకరు రాస్తేనే ఒకే గది ఇస్తామని గుమాస్తా రెండుసార్లు చెప్పాడు. ఆమె ఫారంలో నా పేరు రాశాను. నా ఫారం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.

ఎందుకు ఆగిందో ఇప్పుడు దాచి లాభం లేదు. తిరుపతిలో సీట్లు ఇచ్చిన రోజు ఆమె హాలు ఆ చివర నుంచి "యాడికి పోతాండావు మే? ఈడ కుచ్చో!" అని కేక పెట్టింది. ముందు వరుసలో కోస్తా అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నేనూ ఇంట్లో అట్లాగే మాట్లాడతాను. కానీ ఆ రోజు నుంచి "ఎక్కడికి, ఎందుకు" అంటూ నాలుక మెలితిప్పుకోవడం మొదలుపెట్టాను. అలాంటి అమ్మాయిలతో గది దొరికితే వాళ్లలా అయిపోవచ్చని నా ఆశ. ఈమె పక్కనే ఉంటే రోజూ నా బండారం బయటపడుతుంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారే, ఆ జబ్బు నాకు పద్దెనిమిదేళ్లు నిండకముందే పట్టింది. వాళ్ల నాయన మాట గుర్తుంది. ఒకసారి చేరాక ఎవరు వెనక్కి తీసుకుపోతారులే అనుకున్నాను. గడి ఖాళీగానే వదిలి రెండు ఫారాలూ ఇచ్చేశాను. నాదేం రాశావని ఆమె అడగనైనా లేదు.

చేరే రోజు జాబితా గోడకు అంటించారు. నాకు కింది అంతస్తు, ఆమెకు పైన చివరి గది. వాళ్ల నాయన ట్రంకుపెట్టె భుజం మీద నుంచి దించకుండానే కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసులోకి పోయాడు. వార్డెన్ తమిళావిడ, మంచి మనిషి. కాసేపటికి మా గది గుమ్మంలోకి వచ్చి, తనకు వచ్చిన తెలుగులో, ఎవరైనా పైకి మారతారా అని అడిగింది. అదే నాకు దొరికిన రెండో అవకాశం. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని పరుపుచుట్ట తాడు విప్పుతూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆమె పుంగనూరు బస్సెక్కింది. పోయే ముందు నా గదికి వచ్చి "బాగా సదువుకో మే" అని మాత్రం చెప్పింది.

గదిలో ఉన్న ముగ్గురూ కోస్తా అమ్మాయిలే. పాపం, మంచివాళ్లు. ఎక్కడ మాట దొర్లుతుందోనని నేనే ఏడాది పొడుగునా సరిగ్గా నోరు విప్పలేదు.

పదకొండేళ్ల తర్వాత మదనపల్లె బస్టాండులో ఆమె ఎదురైంది. వాళ్ల పల్లె పాల కేంద్రంలో పాలు పరీక్ష చేసే పని చేస్తోందట. నన్ను చూసి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను ఊరుకోక "ఆ రోజు ఆఫీసువాళ్లే మనకు వేరే గదులు వేసేసి..." అని ఎత్తుకున్నాను. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పిన అబద్ధం, అలవాటుగా వచ్చేసింది.

"ఇంగ ఇడిసిపెట్టు మే. నీ ఫారం నేను సూసినా" అంది. "వార్డెనమ్మ రెండూ టేబుల్ మింద పెట్టింది. మా నాయనకు ఇంగిలీషు రాదు గదా, ఏం రాసుండాది పాపా అని అడిగినాడు. ఇద్దురమూ రాసినాము, రూములే లేవంట నాయనా అని చెప్పినా."

"యాల మే అట్ల చెప్పినావు?" అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత 'ఎందుకు' బదులు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"నిజం చెప్పింటే మా నాయన మీ అంగడి ముందర పంచాయితీ పెట్టుంటాడు. మీ నాయన ఆ కోపంలో నిన్నూ ఇంటికి తెచ్చేసుంటాడు. ఇద్దురి సదువూ పోవాల్నా?"

పుంగనూరు బస్సు వచ్చింది. సంచీ అందుకుని లేచింది. క్షమించు అని అడగాలనిపించింది. అది మా ఇళ్లలో ఎవరూ అనే మాట కాదు, పుస్తకాల్లో చదివిన మాట. మా మాటల్లో దాన్ని ఎలా చెప్పాలో వెతుక్కుంటూ ఉండగానే బస్సు కదిలిపోయింది.