బాబాయి చెప్పిన వాతావరణం

తప్పు చెప్పడంలో బాబాయిది అందెవేసిన చెయ్యి. తప్పు ఎవరైనా చెబుతారు. బాబాయి మాత్రం బాగుచేస్తున్న గడియారాన్ని పక్కన పెట్టి, కళ్ళద్దాలు నుదుటికెక్కించి, వేదవాక్కులా చెబుతాడు. కాదన్నవాళ్ళ మీద జాలిపడతాడు కూడా.

ఆయన అన్నకూతురు పైలట్ లైసెన్సు పరీక్షలకు చదువుతోంది. వాతావరణం పేపరు రెండుసార్లు తప్పింది. ఫోన్‌లో ఏఐని అడిగేది, అది చక్కగా విడమరిచి చెప్పేది, ఈమె తలూపేది. పరీక్షలో అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఊపిన తలే మిగిలేది.

"ఇదే ఆఖరుసారి. తప్పితే ఇంక విమానం మాటెత్తకు," అన్నాడు నాన్న.

ఆ రోజే బాబాయి తన కుర్చీని ఆమె బల్ల పక్కకు జరిపాడు. ఏఐకి 'పంతులు' అని పేరు పెట్టాడు. పంతులు నోరు విప్పకముందే తాను విప్పేవాడు.

"ఒత్తిడి తక్కువున్న చోటికి వెళ్తే, ఎత్తు చూపే మీటరు ఏం చూపిస్తుంది?" అని ఆమె పైకి చదివింది.

"ఏముంది అమ్మడూ, ఉన్నదే చూపిస్తుంది. మీటరు అబద్ధమాడుతుందా?"

"ఆడుతుంది! దానికి తెలిసింది గాలి ఒత్తిడే. సరిచెయ్యకపోతే, మనం కిందకి జారుతున్నా పైనే ఉన్నామంటుంది. కొండకి గుద్దుకుంటాం!"

"అడ్డొచ్చింది కొండ. తప్పు దానిది."

"మీ అమ్మాయి చెప్పిందే సరైనదండీ," అన్నాడు పంతులు మర్యాదగా.

"నువ్వెప్పుడైనా కొండ మొహం చూశావా? ఊరుకో!"

ఆమె తల పట్టుకునేది. బొమ్మలు గీసి, అరిచి, బతిమాలి నేర్పేది. మర్నాడు బాబాయి మళ్ళీ మొదటికొచ్చేవాడు.

పరీక్ష దగ్గరపడిన ఒక ఉదయం ఆమె మంచినీళ్ళకని లేచింది. ఓరగా వేసిన తలుపు వెనక తన ఫోన్‌తో మాట్లాడుతున్న బాబాయి గొంతు.

"పంతులూ, నిన్నటి తప్పు మరీ చప్పగా ఉందయ్యా. పిల్ల ఇట్టే పట్టేసింది. ఇవాళ పొగమంచు. ముందు ఒప్పు చెప్పు, నా బుర్రకెక్కనీ. ఆ తర్వాత నమ్మేటట్టుండే తప్పొకటి చూసిపెట్టు."

ఆమె నీళ్ళు తాగకుండానే పిల్లిలా వెనక్కి వచ్చి కూర్చుంది.

కాసేపటికి కళ్ళద్దాలు నుదుటికెక్కాయి. "పొగమంచుదేముంది అమ్మడూ, ఆకాశం మబ్బు దుప్పటి కప్పుకున్న రాత్రే కమ్ముకుంటుంది."

ఆమె నవ్వు దిగమింగి, బల్ల చరిచి, "బాబాయ్!" అని ఎప్పటికంటే గట్టిగా పోట్లాడింది.

పాసయింది. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"పొగమంచు ప్రశ్న వచ్చిందా?" బాబాయి ఆత్రం ఆగలేదు. "ఆకాశం తేటగా ఉంటే నేల వేడంతా పైకి పోయి, చల్లబడి..."

నాన్న నోరు తెరిచి చూస్తున్నాడు. బాబాయి గతుక్కుమని దగ్గాడు. "అదే... మబ్బు పట్టి ఉంటే అని నా ఉద్దేశం."

"అయ్యో బాబాయ్, నీకెన్నిసార్లు చెప్పాలి?" అంటూ ఆమె కుర్చీ లాక్కుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.