పన్నెండు వందల ఎకరాల రొయ్యల చెరువు

ఒక ఊరిని ఇళ్లతో, కరెంటు సబ్‌స్టేషన్‌తో, చాయ్ హోటల్‌తో సహా నీళ్లలో ముంచినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. వాన పడలేదు, వాగు పొంగలేదు. ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్, వాటి వెనక నా తెలివి. మొత్తం సర్వనాశనానికి అవే సరిపోయాయి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తాండూరులో ఇల్లు, వికారాబాద్‌లో కొత్త ఉద్యోగం. మంచినీటి రొయ్యల చెరువు తవ్వడానికి ఏ పొలం పనికొస్తుందో కంప్యూటర్ పటం మీద తేల్చడమే ఆ ఉద్యోగం. పొలం హద్దు వెంట ఫోన్ పట్టుకుని నడిస్తే గీత పడుతుంది. ఆ గీతను కంప్యూటర్‌కు ఎక్కిస్తే మట్టి ఎలాంటిది, నీళ్లు ఎంత దూరం, రోడ్డుందా, కరెంటుందా అని చూసి అదే వందకు మార్కులు వేస్తుంది. అప్పటిదాకా నేను రొయ్యను చూసింది కూరలోనే. అయినా మూడు వారాల శిక్షణ కాగానే భూగోళాన్ని నేనే చెక్కినట్టు తిరిగేవాణ్ని.

సంగతి తెలిసి, దోమ మండలంలోని పల్లెలో ఉండే మా చిన్నాయన బీరయ్య ఫోన్ చేశాడు. చిన్నప్పటి నుంచి గొర్లు కాస్తున్న మనిషి.

"మోకాళ్లు పోయినయ్‌రా. గొర్ల ఎంబడి తిరుగుడు ఇగ నాతోని కాదు. వాగు పక్కన మన రెండెకరాల ముక్క ఉన్నది గద, తుంగ తప్ప ఏం మొలుస్తలేదు. ఆడ రొయ్యల చెరువు ఇప్పియ్యి. కూసోని బతుకుత."

నా మనసు కలుక్కుమంది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి కూర్చునే పని ఒక్కటి అడిగాడు. ఎట్లాగైనా ఇప్పించాలనుకుని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

దిగేసరికి మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పొలం చుట్టూ నడవాల్సింది నేను. కానీ చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది, వేపచెట్టు కింద మంచం ఖాళీగా ఉంది. ఫోన్ తీసి చిన్నాయన చేతిలో పెట్టాను. మోకాళ్లు పోయాయన్న మనిషినే నడవమన్నానని మీరు గమనించారు. నేను గమనించలేదు.

"చిన్నాయనా, ఇది నడుస్తున్నది, జేబుల ఏస్కో. చేన్ల నడుమకెళ్లి పోవద్దు, అంచు పట్టుకోనే నడువు. మధ్యల బంద్ చెయ్యకు. మొదలువెట్టిన కాడికే తిరిగి రా."

"గంతేనా? రోజూ నేను చేసేది గదే గద!" అన్నాడు ఆయన.

అన్ని సూచనలూ ఇచ్చాను. ఏ చేను చుట్టూ అన్నది మాత్రం చెప్పలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నాను. రొట్టెలు తిని మంచమెక్కితే, మళ్లీ కళ్లు తెరిచేసరికి సాయంత్రం. చిన్నాయన చెమటలు కక్కుతూ ఫోన్ అందించాడు.

"ఆగకుండ నడిచినవా?"

"జర గూడ ఆగలే."

"చేన్ల నడుమకెళ్లి పోలేదు గద?"

"ఒక్కరి చేన్ల అడుగువెట్టలే. అడుగువెడితే ఊకుంటరా?"

రెండెకరాలకు పొద్దంతా ఎందుకు పట్టిందని బుర్ర ఉన్నవాడెవడైనా అడిగేవాడు. నేను బస్సుకు టైమవుతోందని ఉరికాను.

మర్నాడు ఆఫీసులో ఆ గీత ఎక్కించాను. తొంభై ఆరు మార్కులు! నీళ్లు పుష్కలం, రోడ్డు పక్కనే, కరెంటు సాక్షాత్తు పొలంలోనే. ఎన్ని ఎకరాలో చూపే గడి ఆ మార్కుల పక్కనే ఉంది. కానీ తొంభై ఆరు కనబడ్డాక పక్కకు ఎవడు చూస్తాడు? పదో తరగతిలో నాకు రెండు సబ్జెక్టులు కలిపినా అన్ని రాలేదు. వెంటనే చిన్నాయన పేరిట దరఖాస్తు పెట్టి, మా ఆఫీసు పెద్ద అయిన మేడంకు పంపేశాను.

మేడం కూడా మార్కులే చూసి మురిసిపోయింది. "ఇంత మంచి స్థలం మన జిల్లాలోనే లేదు. ఊళ్లోనే అందరికీ చూపిద్దాం" అంది. గురువారం పంచాయతీ ఆఫీసులో తెర కట్టారు. ఊరంతా వచ్చింది. చిన్నాయన తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని పటం తెరిచాను.

తెరంతా నీలం. దాని కింద ఊరు.

"యా అల్లా! నా హోటల్ నీళ్లలనే ఉన్నదేంది?" అని లేచాడు చాయ్ హోటల్ ఖాజా మియా.

"సబ్‌స్టేషన్ల రొయ్యలేందిరా? షాక్ కొట్టి సావయా?" అన్నారెవరో.

బాలమణి అనే ఆమె తెర దగ్గరికి వచ్చి అడిగింది. "మా అత్తగారిల్లు ఏమైంది?"

"మునిగింది" అన్నాను.

"మా ఇల్లు?"

"అది ఒడ్డుకే ఉన్నది."

"మంచిగనే ఉన్నది గద. ఇగ లొల్లెందుకు?" అని వెళ్లి కూర్చుంది.

మేడం కళ్లజోడు సవరించుకుని, నేను చూడని గడి చూసింది. పన్నెండు వందల ఎకరాలు. లెక్కప్రకారం మేమందరం ఆ నిమిషంలో రొయ్యల మధ్యే కూర్చున్నాం.

"బీరయ్య గారూ, ఇదంతా మీ పొలమా?"

"నాది ఎట్లయితది మేడం? ఫోనుకు ఊరు చూపియ్యమంటున్నడేమో అనుకున్న. గొర్లను ఇడిచిపెట్టి పోలేను గద, అవిటితోనే తిరిగిన." చిన్నాయన లేచి తెర మీద వేలు పెట్టాడు. "గీడ నీళ్లు తాగినయ్. గీడ బీడీ ముట్టించిన. గీ వంకర చూడుండ్రి, నల్ల పొట్టేలు పక్కూరి మందల కలువబోతే ఉరికిన."

ఊరంతా పగలబడి నవ్వింది. మేడం నవ్వలేదు. "దరఖాస్తు కొట్టేస్తున్నాను" అని కలం తీసింది. చిన్నాయన ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాది మేడం, ఆయనది కాదు. ఇప్పుడే నేనే నడుస్తాను" అని బతిమాలాను.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ముక్క చుట్టూ నడిచాను. వెనక ఊరంతా. "అంచు తప్పుతున్నవ్!" అని ఒకరు, "ఆగకు!" అని ఇంకొకరు. నా చెప్పులు రెండూ బంకమట్టికి అతుక్కుపోయి అక్కడే ఉండిపోయాయి. అది చూసి మేడం మొదటిసారి నవ్వింది. నీళ్లు ఇంకిపోకుండా ఆపేది అలాంటి మట్టేనట. అరవై మూడు మార్కులు వచ్చాయి. చెరువు మంజూరైంది!

చిన్నాయన కళ్లు తుడుచుకుని, "ఇగ కూసుంట" అన్నాడు.

"కూర్చుంటే ఎట్లా? రోజుకు రెండుసార్లు గట్టు చుట్టూ తిరుగుతూ మేత చల్లాలి. ఒక్కచోటే పోస్తే రొయ్యలు కొట్టుకు చస్తాయి" అంది మేడం.

చిన్నాయన ఆమెను, చెరువు పడబోయే చోటును మార్చి మార్చి చూశాడు.

"నేను తిరుగుతుంటే అవి నీళ్లల్ల సల్లగ పండుకుంటయా? గొర్లే నయం మేడం, నాతోనన్న నడుస్తయ్." తర్వాత మట్టికాళ్లతో నిలబడ్డ నన్ను చూసి ముఖం విప్పార్చాడు. "ఫికర్ లేదు. మావోడు మస్తు నడుస్తడు. ఇప్పుడే చూసిండ్రు గద!"

ప్రస్తుతం నా మకాం చిన్నాయన ఇంట్లోనే. పొద్దున మేత చల్లి ఆఫీసుకు బస్సెక్కుతాను, సాయంత్రం బస్సు దిగి మేత చల్లుతాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరు, అంత సువాసన. చిన్నాయన గట్టు మీద మంచం వేసుకుని, ఏ మూలన తక్కువ పడిందో కేకేసి చెబుతుంటాడు. కాబట్టి పాఠకులారా, ఒక చేత్తో మేత బకెట్టు, ఇంకో చేత్తో లుంగీ అంచు పట్టుకుని, నీళ్లలోని సమస్త రొయ్యల సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో నేను నడవాల్సిన నడక ఇంకొకరిని నడవమనను.